మూగవోయిన పాటలు

గడచిన వార్షికోత్సవమునకు ముందటి సాయంకాలమున మన పాఠశాల కంప్యూటరు గదిలో జరిగిన గందరగోళమును గూర్చి పలువురు విని యుందురు. ఏడు పాటలు సిద్ధముగా నుండవలసి యుండగా, మైకుసెట్టు పెట్టెలో ఒక్కటియు మ్రోగకపోయెను. అది యెట్లు జరిగెనో, దాని నెట్లు సరిదిద్దితిమో వ్రాయుమని సహోపాధ్యాయులును, కొందఱు తల్లిదండ్రులును మమ్ము కోరిరి. ఇట్టి చిక్కు మన కొక్కరికే వచ్చినది కాదు. పాటలు వినిపించు ప్లేయరును అప్‌డేటు చేసిన మఱునాడు ఫైళ్ల మార్పిడి చెడుట అనేకులకు అనుభవమే. కావున విషయమును కొంత మొదటినుండియే వ్రాయుచున్నాము.

ఆ పాటలు మూడు చోట్లనుండి వచ్చినవి. తెనాలిలో మన బాలబాలికలు పాడిన మూడింటిని మేమే ఫోనులో పట్టితిమి. బాపట్లలో పై చదువులు చదువుచున్న మన పూర్వవిద్యార్థులు మఱి మూడింటిని వాట్సాపులో పంపిరి. ఏడవది రేపల్లెనుండి వచ్చినది. అది ఫైలు కాదు, కాసెట్టు. మన పాఠశాలలో చిరకాలము సంగీతము నేర్పి, నేడు మన మధ్య లేని యొక ఉపాధ్యాయురాలు 1987వ సంవత్సరమున పాడిన పాట అందున్నది. వారి కుమార్తె దానిని ఇన్నేండ్లు చీరల పెట్టెలో దాచి యుంచి, తామే రైలులో వచ్చి మా చేతికిచ్చిరి. పాత టేప్ రికార్డరులో దానినొక్కమారు మ్రోగించి కంప్యూటరులోనికి ఎక్కించితిమి. కంప్యూటరులో జాగా చాలనందున ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవునం దుంచితిమి. పాట ముగిసిన వెంటనే టేపు రోలరునకు చుట్టుకొని తెగిపోయెను. పాట మాత్రము భద్రముగా చేరినదిగదా యని అప్పుడు సంతోషించితిమి.

ఇంతకును ఫైలు అనగా నేమి? గొంతునుండి వచ్చిన ధ్వనిని మైకు విద్యుత్తుగా మార్చును. ఆ విద్యుత్తుయొక్క హెచ్చుతగ్గులను కంప్యూటరు సెకనునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనును. కాంపాక్టు డిస్కుల పద్ధతి యిదియే. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు; కుడి యెడమలకు రెండు వరుసలు. లెక్కలయందు ఆసక్తిగల విద్యార్థులు హెచ్చించి చూడవచ్చును. 44,100ను 16 చేతను, మరల 2 చేతను హెచ్చింపగా సెకనునకు 14,11,200 బిట్లగును. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక అయిదు నిమిషముల పాటకు 5,29,20,000 బైట్ల చోటు కావలయును. వేవ్ అనబడు ఫైళ్లలో పాట సామాన్యముగా ఇట్లు కుదింపబడక, ఉన్నదున్నట్లుగా నుండును.

ఇంత చోటు పట్టు పాటను కుదించుటకు పుట్టినదే ఎంపీ3. జర్మనీ దేశపు ఎర్లాంగెన్ నగరమునందలి ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనాలయము వారు దాని నిర్మాణమున ముఖ్యులు. 1993లో అది అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడెను. ఎంపీ3 అను తోకపేరు 1995లో వచ్చెను. డప్పు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస మనకు వినబడదు. అట్లే పెద్ద ధ్వని చెంత మఱుగుపడు చిన్న ధ్వనులను వ్రాయక విడిచివేయుటయే దాని యుపాయము. సెకనునకు 1,28,000 బిట్ల లెక్కన కుదించినచో పైన చెప్పిన పాటయే 48,00,000 బైట్లలో ఇమిడిపోవును. అనగా రమారమి పదునొకండవ వంతు. అయితే విడిచినది మరల రాదు. ధాన్యమును బియ్యము చేసిన పిమ్మట ఊకను తిరిగి గింజకు అంటింపగలమా? ఎంపీ3 ఫైలును మరల వేవ్‌గా మార్చినచో ఫైలు పెద్దదగును గాని, పోయిన ధ్వని తిరిగి చేరదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలయునని ప్రార్థన. మా కథలో నిది తరువాత వచ్చును. ఏమియు పోగొట్టకయే కుదించు ఫ్లాక్ అను పద్ధతియు 2001 నుండి కలదు. అది చోటును అంతగా తగ్గింపజాలదు.

ఇక రెండవ సంగతి. అనేకుల పొరపాటునకు మూల మిచ్చటనే యున్నది. ఫైలు పేరు చివర నుండు తోకయు, ఫైలు లోపలి వ్రాతయు ఒకటి కావు. పోస్టు కవరుపై నున్న విలాసము ఇంగ్లీషులో నుండవచ్చును, లోపలి యుత్తరము తెలుగులో నుండవచ్చును. అట్లే ధ్వని ఫైలునకు ఒక కవరును, కవరులో ఒక భాషయు నుండును. ఫోను మనకిచ్చు ఎం4ఏ అనునది కవరు. అందలి భాష సామాన్యముగా ఏఏసీ. వాట్సాపు గొంతు సందేశములలో ఆగ్ అను కవరునందు ఓపస్ అను భాష యుండును. ఓపస్ 2012లో ప్రమాణముగా వెలువడినది; ఎంపీ3 కంటె చిన్నచోట మంచి ధ్వని నిచ్చును. ఈ భాషలకే కోడెక్కులని పేరు. భాషను చదువునది డీకోడరు, వ్రాయునది ఎన్‌కోడరు. చదువుట వచ్చినవారందఱికి వ్రాయుట రానట్లే, ఒక ప్లేయరు ఒక భాషను వినిపింపగలిగియు ఆ భాషలో వ్రాయలేకపోవచ్చును.

విద్యార్థులు కొందఱు ఫైలు పేరులోని ఎం4ఏ అను తోకను చెరిపి ఎంపీ3 అని వ్రాసి, మార్చితిమని చెప్పుదురు. కవరుపై విలాసమును దిద్దినంతమాత్రమున ఉత్తరము తర్జుమా కాదు.

మన మైకుసెట్టు పెట్టెకు పెన్‌డ్రైవు గ్రుచ్చుటకు చోటున్నది గాని, దానికి తెలిసిన భాష ఎంపీ3 యొక్కటియే. కావున ఏడు ఫైళ్లను ఎంపీ3గా మార్చవలసి వచ్చినది. ఇది క్రొత్త పని కాదు. రెండేండ్లుగా ఒకే ప్లేయరుతో ఒకే తీరున చేయుచున్న పనియే. ఆ ప్లేయరు పేరిచ్చట వ్రాయము. ముందటి రాత్రి అది తనంతట తానే అప్‌డేటు చేసికొన్నదని మేమెఱుగము.

సాయంకాలము ఏడు ఫైళ్లను మార్చితిమి. ఏడింటి పేర్ల చివరను ఎంపీ3 అని స్వయముగా వ్రాసితిమి. కంప్యూటరులో నాఱు చక్కగా మ్రోగినవి. బాపట్ల పాటలలో నొకటి మాత్రము పేరు కనబడుచు సున్న బైట్లుగా నుండెను. దానిని తరువాత చూతమని, మిగిలినవానిని మైకుసెట్టు పెట్టెలో గ్రుచ్చితిమి. ఒక్కటియు పలుకలేదు. పెట్టె చెడినదని మైకుసెట్టు అతనిని కోపగించితిమి. అతడేమియు ననక తన జేబులోని పెన్‌డ్రైవును పెట్టెలో గ్రుచ్చెను. సినిమా పాట మైదానమంతయు మాఱుమ్రోగెను. తప్పు మాయందే కలదని అప్పుడు తెలిసినది. అతనికి క్షమాపణ చెప్పితిమి.

కారణమును కనుగొన్నది మేము కాదు, తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక. అయిదు నిమిషముల పాటకు 48 లక్షల బైట్లుండవలెనని తరగతిలో మేము చెప్పిన లెక్కను ఆమె మరువలేదు. “అయ్యగారూ, యిది పది లక్షలైన లేదు, ఎంపీ3 కాదేమో” యనెను. వేఱొక కంప్యూటరులో వీఎల్‌సీ యను ప్లేయరు కలదు. అందు టూల్స్ అను మెనులో కోడెక్ ఇన్ఫర్మేషన్ అనుదానిని తెరచినచో ఫైలు లోపలి భాష కనబడును. చూడగా ఎంపీ3 కాదు, ఏఏసీ యని యుండెను.

జరిగిన దేమనగా: అప్‌డేటు మా పాత యేర్పాట్లను తుడిచివేసి, ప్లేయరును దాని మొదటి స్థితికి తెచ్చెను. ఏ రూపమునకు మార్చవలయునను గడిలో మేమెన్నడో యుంచిన ఎంపీ3 పోయి, ఏఏసీ వచ్చి కూర్చుండెను. అదియు మిక్కిలి తక్కువ ప్రమాణమున. మేమా గడిని చూడక, అలవాటు చొప్పున పేరు మాత్రము ఎంపీ3 అని వ్రాసితిమి. కంప్యూటరు పేరును లెక్కచేయక లోపలి భాషను చూచి చదివినది గనుక పాట మ్రోగెను. మైకుసెట్టు పెట్టె పేరును నమ్మి, ఎంపీ3 యనుకొని తెరచి, లోపలి భాష తెలియక ఊరకుండెను. కంప్యూటరు తెలివియే మమ్ము మోసపుచ్చినదని చెప్పవచ్చును.

కావున ఇట్టి చిక్కు వచ్చినప్పుడు మొట్టమొదట చూడవలసినది మార్పిడి గడిలోని రూపము, ప్రమాణము. వీఎల్‌సీలో నైనచో మీడియా మెనులోని కన్వర్ట్ అనుదానిలో ప్రొఫైల్ అను గడి యుండును. అందు ఆడియో ఎంపీ3 అనుదానిని మనమే యెన్నుకొనవలయును. వీఎల్‌సీ పుట్టినది ఫ్రాన్సు దేశపు ఎకోల్ సాంట్రాల్ పారిస్ విద్యార్థుల 1996 నాటి పనినుండి. 2001లో దానిని ఎల్లరకు ఉచితముగా, మూలముతో సహా విడిచిరి. విద్యార్థులు తలపెట్టిన పని యెంతదూరము పోగలదో మన విద్యార్థులు గమనింతురు గాక.

సున్న బైట్ల ఫైలు సంగతి వేఱు. అది వ్రాయబడనే లేదు. ఇట్టి చోట గమ్యమున జాగా లేకపోవచ్చును, లేదా ఆ ఫోల్డరులో వ్రాయుటకు అనుమతి లేకపోవచ్చును, లేదా పేరే అడ్డుపడవచ్చును. మాకు వచ్చినది మూడవది. బాపట్ల పిల్లలు పాట పల్లవి మొత్తమును తెలుగులో ఫైలు పేరుగా పెట్టిరి. తెలుగు లిపికి యూనికోడునందు 1991 నుండి స్థానము కలదు. అయినను, సామాన్యముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తు మూడేసి బైట్లు పట్టును. ‘స్త్రీ’ యను ఒక్క యక్షరమును చూడుడు. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, ఈత్వము కలిసి ఆఱు గుర్తులు, పదునెనిమిది బైట్లు! అనేక ఫోనులలోను, లినక్సు కంప్యూటరులలోను ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. కొన్ని ప్రోగ్రాములు తెలుగు పేరును సరిగా పట్టుకొనలేక తడబడుటయు కలదు. విండోసులో నైనచో ప్రశ్నార్థకమును, విసర్గవలె కనబడు రెండు చుక్కల కోలనును ఫైలు పేరులో నుంచరాదు. మేము ఆ ఫైలునకు ‘1’ అని పేరు పెట్టగా మార్పిడి వెంటనే జరిగెను. తెలుగు పేరు పెట్టరాదని మా యభిప్రాయము కాదు. మార్పిడి ముగిసినవెనుక చక్కగా తెలుగులోనే పొట్టిపేరు పెట్టుకొనవచ్చును. మన భాషను పట్టుకొనలేని ప్రోగ్రామునదే లోపము.

మఱికొన్ని చిక్కులు మాకప్పుడు రాకున్నను, ఇతరులకు వచ్చుచుండును. మార్చిన పాట నెమ్మదిగా, బొంగురుగా వినబడినచో కొలతల సంఖ్య తప్పినదని తెలియవలయును. ఓపస్ పాటలు విప్పినప్పుడు సెకనునకు 48,000 కొలతలుగా వచ్చును. వానిని 44,100 అని చీటీ యంటించి వినిపించినచో, అయిదు నిమిషముల పాట అయిదు నిమిషముల ఇరువదియాఱు సెకనులకు పైగా సాగును. శ్రుతి హార్మోనియముమీద ఒక మెట్టునకు పైగా, రెండు మెట్లకు లోపుగా దిగును. గ్రామఫోను కాలమునను ఇట్టి చిక్కే యుండెడిది. నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన ప్లేటు స్ప్రింగు సడలి నెమ్మదించినచో స్వరము దిగిపోవును. 1902లో బాపట్లలో జన్మించి, తెనాలి రంగస్థలమునకు కీర్తి తెచ్చిన స్థానం నరసింహారావుగారి సత్యభామ పాత్ర తెలియని పెద్దలు మన ప్రాంతమున అరుదు. స్త్రీ పాత్ర ధరించిన ఆ మహానటుని గొంతు తప్పు వేగముతో వినిపించినచో ఆ పాత్రయే మారిపోవునుగదా! పాత ప్లేట్లనుండి పాటలు ఎక్కించుకొనువారు ముందుగా వేగమును సరిచూచుకొనుట మేలు.

అప్‌డేటు తరువాత ఎంపీ3 యను పేరే జాబితాలో కనబడకున్నచో ఎన్‌కోడరు లేదని గ్రహింపవలయును. పూర్వము ఎంపీ3కి పేటెంటు హక్కు లుండుటచే కొన్ని ఉచిత ప్రోగ్రాములు దాని ఎన్‌కోడరును తమలో చేర్చుకొనలేదు. ఆ లైసెన్సుల యేర్పాటు 2017 ఏప్రిలులో ముగిసినది. అడాసిటీ యను ధ్వని ప్రోగ్రామువారు 2019లో లేమ్ అను ఎన్‌కోడరును తమలోనే కలుపుకొనిరి; అంతకుముందు దానిని వేఱుగా తెచ్చుకొనవలసి యుండెడిది. అందు ఎం4ఏ ఫైళ్లను తెరచుటకు విండోసులో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అను సహాయకభాగము వేఱుగా కావలయును. ఇట్టి సహాయకభాగము పాతది, ప్రోగ్రాము క్రొత్తది యైనచో రెండింటికి పొసగకపోవచ్చును. ముఖ్యముగా 32 బిట్ల భాగమును 64 బిట్ల ప్రోగ్రాము లోనికి తీసికొనలేదు. రెంటిని జతచూచి తెచ్చుకొన్నచో పని జరుగును.

పాత యేర్పాట్ల ఫైలు మిగిలిపోయి క్రొత్త ప్లేయరును తికమక పెట్టుటయు గలదు. అందుకు వీఎల్‌సీలో రీసెట్ ప్రిఫరెన్సెస్ అను మీట కలదు. దానితోను కుదురకున్నచో పాత ప్లేయరును తిరిగి పెట్టుకొనుట కడపటి యుపాయము. అది తాత్కాలికముగా మాత్రమే. అప్‌డేటులు పనిలేక వచ్చునవి కావు. దురుద్దేశముతో తయారుచేసిన పాట ఫైలుద్వారా కంప్యూటరులోనికి చొరబడు దారులను మూయుటయు వానిలో నొక ప్రయోజనము. ఇంటర్నెట్టులో ఉచితముగా మార్చి యిచ్చు స్థలములు అనేకములు గలవు. సినిమా పాటల మాట యెట్లున్నను, పసిపిల్లల గొంతులను, ఇంటివారి మాటలను తెలియనివారి కంప్యూటరునకు పంపుట మాకు సమ్మతము కాదు.

ఏ మార్పు చేసినను ఒకమారు ఒకటే చేసి, పది సెకనుల చిన్న ముక్కతో పరీక్షించుట మంచిది. మేమా సాయంకాలము ఆతురతచే నాలుగు గడులను ఒకేమారు మార్చి, ఏది గుణమిచ్చెనో తెలియక అరగంట పోగొట్టుకొంటిమి.

రాత్రి తొమ్మిది గంటలకు ఆఱు పాటలు పెట్టెలో మ్రోగినవి. ఏడవదానిని మరల మార్చుటకు అసలు వేవ్ ఫైలుకొఱకు వెదకితిమి. అది లేదు.

మొదటి మార్పిడి ముగిసినపుడు పెన్‌డ్రైవులో జాగా లేదని ఫైళ్లు మార్చుచున్న బాలుడు చెప్పగా, “మార్చినది మ్రోగుచున్నదిగదా, పెద్దదానిని తీసివేయుము” అని చెప్పినది మేమే. బాలుని దోష మిసుమంతయు లేదు. పెన్‌డ్రైవునుండి తీసివేసినది కంప్యూటరు చెత్తబుట్టలోనికి పోదు; తిన్నగా పోవును. పిమ్మట దానిపై నేమియు వ్రాయకుండినచో వెలికిదీయు ప్రోగ్రాములు కలవు గాని, మేమప్పటికే ఆఱు పాటలను దానిపై వ్రాసితిమి. మిగిలినది తక్కువ ప్రమాణమున మారిన ఆ ఏఏసీ ప్రతి మాత్రమే. విన్నచో ఆ తల్లి గొంతు నీటి అడుగునుండి వచ్చుచున్నట్లుండెను. ఊక పోయిన గింజ సంగతి పైన వ్రాసితిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మఱునాడు తెల్లవారుజామున తెగిన కాసెట్టును తీసికొని రేపల్లె పోతిమి. జరిగినదంతయు ముందుగా ఆ కుమార్తెతో చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “మా వీథిలో పూర్వము రేడియోలు బాగుచేసిన తాతగారొకరు కలరు, రండు” అని తామే తోడ్కొని పోయిరి. ఆ వృద్ధుడు కాసెట్టుయొక్క అయిదు మరలను విప్పి, నలిగిన టేపును వ్రేళ్లతో సవరించి, నలిగి పనికిరాని కొనలను బ్లేడుతో ఏటవాలుగా కోసి, అందుకొఱకే చేసిన యతుకు టేపుతో వెనుకవైపున అంటించెను. మామూలు సెలోటేపు జిగురు కారి పక్కచుట్టులకు అంటుకొనునని మాకు చెప్పెను. కోసివేసిన ముక్క రెండు సెంటీమీటరులుండును. కాసెట్టు సెకనునకు 4.76 సెంటీమీటరుల వేగమున నడచును గనుక పోయినది సెకనులో నాలుగు పదియవ వంతులు. “ఒక్కమారు మ్రోగించుకొనుడు, రెండవమారునకు నేను పూచీ కాదు” అనెను. డబ్బు పుచ్చుకొనలేదు.

అక్కడనే, ఆయన దుకాణపు టేప్ రికార్డరునుండియే, ఎక్కించుకొంటిమి. వేవ్ ఫైలును మూడు చోట్ల దాచితిమి: పాఠశాల కంప్యూటరునందొకటి, వేఱొక పెన్‌డ్రైవునందొకటి, కుమార్తెగారి ఫోనునందొకటి.

ఆ సాయంకాలము సభలో ఏడవ పాట మ్రోగెను. రెండవ చరణములో ఒక మాట నడుమ చిన్న తొట్రుపాటు కలదు. సభలో నెవ్వరును దానిని కనిపెట్టినట్లు లేదు. మొదటి వరుసలో కూర్చున్న కుమార్తెగారు మాత్రము సరిగా ఆ చోట తల యెత్తి మావంక చూచి, మరల కన్నులు మూసికొని వినసాగిరి.